కట్ చేయని ఫోను

ఒకసారికి ఒక్క పనే చేయడం వీరదుర్గకి చేతకాదు. నరసాపురంలో ఇంటర్ చదువుతున్న ఈ పిల్ల అన్నం తింటూ రీల్స్ చూస్తుంది, లేసు అల్లుతూ పాఠాలు వల్లిస్తుంది. ఇక క్లాసులో కుడిచేత్తో నోట్సు, ఎడమచేత్తో బల్లకింద ఫోను. కళ్ళు మాత్రం బుద్ధిగా బోర్డు మీదే. పాపం లెక్చరర్లు ఆమెని చూపించి మిగతావాళ్ళని తిట్టేవారు.

ఆ విద్యంతా సరదాకే నేర్చుకోలేదు లెండి. ఆమె తండ్రి గంగయ్య సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ అందగానే కూతురికి ఫోన్ చేస్తాడు. మోగీ మోగకముందే ఆమె కట్ చేస్తుంది. వచ్చేశానని ఆయన, తెలిసిందని ఈమె. మాటలతో పనిలేదు.

ఈసారి ఆయన వెళ్ళాక అల్పపీడనం పట్టుకుంది. రావలసిన రోజు దాటిపోయింది. క్లాసులో కిటికీ రెక్కలు గాలికి కొట్టుకున్నప్పుడల్లా వీరదుర్గ ఉలిక్కిపడుతోంది. బల్లకింద బొటనవేలు ఊరుకోవడం లేదు. వాతావరణం, బోటువాళ్ళ గ్రూపు, మళ్ళీ వాతావరణం. ఆ భయంలో మొదటిసారి బోర్డు వైపు చూడటం మరిచిపోయింది. తలెత్తేసరికి ఫిజిక్స్ చెప్పే శివరామకృష్ణ గారు పక్కనే ఉన్నారు.

"ఇలా ఇవ్వమ్మా."

"మా నాన్న వేటకెళ్ళారండి సార్..."

"నిన్న ఒకడు తాతకి బాగోలేదన్నాడు. చూస్తే క్రికెట్టు."

ఫోను ఆయన టేబుల్ సొరుగులోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి సొరుగు గుయ్యిమంది. ఆగింది. మళ్ళీ గుయ్యిమంది. మళ్ళీ. నాన్నయితే ఒక్కసారే చేస్తాడు. ఇన్నిసార్లు మోగుతోందంటే చేసేది నాన్న కాదు, నాన్న సంగతి చెప్పడానికి ఇంకెవరో. వీరదుర్గకి ఏడుపు కూడా రాలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

చివరికి శివరామకృష్ణ గారు విసుక్కుంటూ సొరుగు తీశారు. ఆ పిల్ల ముఖం చూశాక ఆయన విసుగు పోయింది. ఫోను తెచ్చి ముందు పెట్టారు. తెర మీద 'నాన్న' అని ఉంది. అవతల నాన్న ఫోను ఎవరి చేతిలో ఉందోనని ఆమె తన ఫోను ముట్టుకోలేదు.

"మీరే ఎత్తండి సార్. నాకు భయంగా ఉందండి."

ఆయన ఎత్తి, స్పీకరు నొక్కారు. ముందు గాలి హోరు. తర్వాత గంగయ్య గొంతు.

"అమ్మడూ, ఎందుకే కట్ చేయలేదు? నీకేమైపోయిందోనని ప్రాణం పోయిందే నాకు."

వీరదుర్గ చెయ్యి చాచి కట్ చేసింది. ఏడుపు అప్పుడొచ్చింది.