బూ కుస్తినా ఎంచిన ఇనుప చేతులు

జావా దీవిలో మా చెపెర్ ఊళ్లో సగం ఇళ్లు ఇనుము పోత మీదే బతుకుతాయి. ఆ ఇళ్ల పిల్లలే మా వృత్తి విద్యా పాఠశాలకు వచ్చేవారు. అక్కడ ముప్పై ఒక్క ఏళ్లు నేను లైబ్రరీ చూశాను. వచ్చి వెళ్లిన పంతుళ్లలో చాలామంది పేర్లు మరిచిపోయాను గానీ కుస్తినాను మరిచిపోలేదు.

ఆమె పోతపనివాడి కూతురే. యంత్రాల పాఠం చెప్పేది. పిల్లలు ఆమెను 'బూ' అనేవారు, అమ్మా అన్నట్టుగా; మగవాళ్లనైతే 'పాక్' అంటాం, అయ్యా అన్నట్టుగా. గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. పెద్దవాళ్లు ఏం చెప్పినా "అలాగేనండి" అనేది. మా వైపు ఆ మాటకు ఒప్పుకున్నామని అర్థం లేదు, విన్నామని మాత్రమే.

ఒక ఏడు సెమరాంగ్ నగరం దగ్గర ఒక ఫ్యాక్టరీవాళ్లు మా పిల్లలను ఉద్యోగ పరీక్షకు పిలిచారు. తొమ్మిదిమంది వెళ్లారు. రాత పరీక్షలో అందరూ గట్టెక్కారు. తర్వాత రోబో చేయి ముందు నిలబెట్టి, "ఊఁ, కదిలించండి" అన్నారట. తొమ్మిదిమందీ చేతులు కట్టుకుని వినయంగా నిలబడిపోయారు. ముందు పెద్దవాళ్లెవరైనా ముట్టుకుంటే గానీ మనం ముట్టుకోకూడదనుకున్నారు. గడువు దాటిపోయింది. ఒక్కరినీ తీసుకోలేదు. మళ్లీ ఏడు కూడా ఇంతే అయితే ఇక పిలవబోమని ఉత్తరం కూడా రాశారు.

"చేతకాక కాదు, పాక్ మర్గో," అంది కుస్తినా నాతో. "ఖరీదైన వస్తువును దూరం నుంచి చూడాలని నేర్పింది మనమేగా. మన దగ్గరున్న పాత యంత్రానికి ముసుగు తీసి ఎన్నాళ్లయింది?"

ఆ వేసవిలోనే రోబో చేతులు కొనడానికి ప్రభుత్వ మంజూరు వచ్చింది. ముగ్గురు అమ్మకందార్లు నమూనాలు తెచ్చి వారం రోజులకు వదిలి వెళ్లారు. వర్క్‌షాపు కప్పు బాగుచేస్తున్నారు కాబట్టి వాటిని నా లైబ్రరీలో పెట్టారు. ఏది కొనాలో సోమవారానికల్లా రాసి పంపాలి.

మొదటిది నిలువెత్తు తెల్లటి చేయి, అచ్చం ఫ్యాక్టరీలో ఉండేదే. మా డబ్బుకు ఒకటే వస్తుంది. ప్రధానోపాధ్యాయుడు పాక్ సుబగ్యో మనసు దాని మీదే పడింది. జిల్లా అధికారి ప్రారంభానికి వస్తే ఫొటోలో నిండుగా కనబడాలని ఆయన కోరిక. రెండోది రంగురంగుల ప్లాస్టిక్‌ది. కుస్తినా దాన్ని మొదటిరోజే పక్కన పెట్టేసింది.

"నాలుగు కీళ్లే ఉన్నాయి. అక్కడి వాటికి ఆరు. ఇది నేర్చుకుని ఫ్యాక్టరీకి వెళ్లడమంటే సైకిలు వచ్చిందని లారీ ఎక్కడమే," అంది.

మూడోది మోకాలెత్తు బూడిదరంగు చేయి. మరలన్నీ పైకే కనబడతాయి, చూపుకు ఆనదు. కానీ ఆరు కీళ్లున్నాయి, నడిపే పద్ధతీ ఫ్యాక్టరీదే. విడిభాగాలుగా వస్తుంది, పిల్లలే బిగించుకోవాలి. తెల్లదాని ధరకు ఇవి ఐదు వస్తాయి.

కుస్తినా పిల్లలకు ఏమీ చెప్పలేదు. టీ విరామంలో లైబ్రరీ తలుపులు తెరిచి ఉంచమని మాత్రం నన్ను అడిగింది. వాళ్లు పోత పాఠం నుంచి మసి చేతులతో నేరుగా వచ్చేవారు. తెల్లదాని ముందు కాసేపు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆ తర్వాత బూడిదదాని చుట్టూ చేరేవారు.

"అటు తిప్పకురా, తిరగదు."

"తిరిగిందిగా, కళ్లు పెట్టి చూడు."

"విరిగితే మీ నాన్న పోత పోసిస్తాడా?"

"పోస్తాడు. కాకపోతే నీకంటే బరువుంటుంది."

వెనింగ్ అనే అమ్మాయి ఒక మర విప్పి, లోపల చూసి, మళ్లీ బిగించింది.

శనివారం సుబగ్యో వచ్చాడు. "ఇంకేముంది బూ, తెల్లదే రాసేద్దాం," అన్నాడు.

"ఒకసారి మీరు కదిలించి చూడండి, పాక్."

"మీరుండగా నేనెందుకు? మీరే చూపించండి."

"ఒక్క బటనే."

"ఏమన్నా అయితే? ఇంకా మనది కూడా కాదు." ఆయన చేతులు కట్టుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు. నేను పేపరు చాటున నవ్వు ఆపుకున్నాను.

కుస్తినా బలవంతం చేయలేదు. నేను టీ, వేయించిన సోయా తెంపె ముక్కలు తెచ్చాను. బల్ల మీద చోటు లేదు. సుబగ్యో మాటల్లో పడి బూడిద చేతిని మోచేయి దగ్గర పట్టుకుని వంచి, పక్కకు జరిపి, గ్లాసు పెట్టుకున్నాడు.

"ఇప్పుడు కదిలించారు, పాక్," అంది కుస్తినా.

ఆయన తన వేళ్ల వంక చూసుకున్నాడు. నల్లగా ఉన్నాయి. "ఏమిటీ మురికి?"

"పిల్లల చేతులది. తెల్లదాని మీద వెతకండి, ఒక్క మరకైనా ఉందేమో."

ఆయన నిజంగానే లేచి వెళ్లి, కళ్లద్దాలు సవరించుకుని, దాని చుట్టూ తిరిగాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. "అధికారికి ఏం చూపిస్తాం మరి, ఈ మసా?"

"ఐదు బల్లల మీద ఐదు పెడదాం. ఆయన్ని కూడా ఒకటి బిగించమందాం."

"అలాగే," అన్నాడు సుబగ్యో, టీ ఊదుకుంటూ.

కుస్తినా కొనుగోలు కాగితం ఆయన ముందుకు జరిపింది. "అలాగే అంటే నాకు తెలియడం లేదు, పాక్. ఔనా, కాదా?"

పెద్దవాళ్లను ఆమె అలా అడగడం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. సుబగ్యో కూడా వినలేదనుకుంటాను. గ్లాసు పక్కన పెట్టి, "ఔను," అని సంతకం పెట్టాడు.

ఐదు చేతులూ వచ్చాయి. మొదటి నెలలోనే రెండు పాడయ్యాయి. పిల్లలు విప్పి బాగుచేశారు, మళ్లీ పాడుచేశారు. మరుసటి ఏడు పదకొండుమంది ఫ్యాక్టరీకి వెళ్లారు. సాయంత్రం పరీక్షాధికారి సుబగ్యోకు ఫోను చేసినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను, ఆయన మాట నాకూ వినబడింది. ఏడుగురిని తీసుకున్నామని చెప్పాడు. ఆ పైన ఒక ఫిర్యాదు.

"ఒకమ్మాయి, వెనింగట, పరీక్ష మధ్యలో ఆపి మా రోబో చేతికి మూడో కీలు వదులుగా ఉందని చెప్పిందండీ."

"అయ్యో, మన్నించండి. చిన్నపిల్ల. ఇంతకీ వదులుగా ఉందా?"

"ఉంది," అన్నాడు పరీక్షాధికారి.