ఆ రీస్టార్ట్ మా సత్యం అన్నయ్య చేసింది కాదు

నేను ఏడో తరగతి వరకే చదివాను. తప్పులుంటే క్షమించండి. ఫోన్‌లో ఇంత రాయడం ఇదే మొదటిసారి.

నిన్న పొద్దున ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్.

"సత్యం పోయాడే."

నాకు అర్థం కాలేదు. కాసేపటి క్రితమే గుండెల్లో నొప్పి అంటూ, తన కాళ్ల మీద తానే మెట్లు దిగి ఆటో ఎక్కిన మనిషి. సత్యం అన్నయ్య భార్య, అంటే వదిన, మా ఆయన ఇద్దరూ వెంట వెళ్లారు. నేను వాళ్లింట్లో పాపను పట్టుకుని కూర్చున్నాను.

సొంత అన్న కాదు. అన్నయ్య, మా ఆయన ఒకే సాఫ్ట్‌వేర్ టీమ్. ఫరీదాబాద్‌లో వాళ్లది మా పై అంతస్తు. హిందీ రాక గుమ్మం దాటని నన్ను కూరగాయల బండి దాకా తీసుకెళ్లి, "బేరం ఆడమ్మా, లేకపోతే భయ్యా ఫీలవుతాడు" అన్నది అన్నయ్యే.

ఇద్దరూ మా డైనింగ్ టేబుల్ మీదే పని చేసేవారు. టీమ్ అంతా వాడే మెషీన్ ఎక్కడో క్లౌడ్‌లో ఉంటుందట. కోడ్ మార్చాక దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అన్నయ్య ముందు గ్రూపులో "రీస్టార్ట్ చేస్తున్నా, మీ పని సేవ్ చేసుకోండి" అని పెట్టేవాడు. అందరూ సరే అనేదాకా ఆగేవాడు.

ఆ కాసేపట్లో, "చెల్లెమ్మా, టీ."

రీస్టార్ట్ అనేది టీ కోసం సాకేమోనని నాకు చాలా రోజులు అనుమానం. ఒకసారి అనేశాను. అన్నయ్య తమ టీమ్ పరీక్షించుకునే పేజీలో "నమస్తే" పక్కన నా పేరు రాశాడు. తెరమీద ఏమీ మారలేదు. గ్రూపులో చెప్పి రీస్టార్ట్ చేశాడు. "నమస్తే జ్యోతి" అని వచ్చింది.

"అందరికీ చెప్పడం దేనికన్నయ్యా?"

"కండక్టర్ విజిలెయ్యకుండా బస్సు కదిలితే, ఒక కాలు కిందున్నోడు పడిపోడా ఏంటి?"

నిన్న ఆయన ఆటోలో ఉన్నప్పుడు ఎవరికీ చెప్పకుండా రీస్టార్ట్ జరిగిందట. చాలామంది పని పోయిందట. రికార్డులో అన్నయ్య పేరు.

సాయంత్రం దండతో వచ్చిన ఒకాయన మెట్ల దగ్గర, "జాతే జాతే సబ్ బిఠా గయా యార్" అన్నాడు. పోతూ పోతూ అంతా ముంచేసి పోయాడని.

వదిన వింది.

ఆ రీస్టార్ట్ జరిగినప్పుడు అన్నయ్య లాప్‌టాప్ వాళ్లింట్లో నా ఎదురుగా మూసి ఉంది. ఆయన ఫోన్ కూడా అక్కడే చార్జింగ్‌లో ఉంది.

మరి ఎవరు?

రీస్టార్ట్ చేసే అనుమతి అన్నయ్య లాగిన్‌కే ఉంది, టీమ్ అంతా ఆ పాస్‌వర్డే వాడతారు అని మా ఆయన చెప్పారు. ఎవరు నొక్కినా పడేది అన్నయ్య పేరే. వచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ మాట వదినతో అనలేదు.

మా ఆయన్నీ అనుమానించాను.

"ఆటోలో వాడి తల నా ఒళ్లో ఉందే" అన్నారు.

మిగతావాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాను. ఒకరు తల ఎత్తకుండా దండం పెట్టి వెళ్లిపోయారు. అది దుఃఖమో, ఇంకేదో.

అందరూ వెళ్లాక వదిన అడిగింది. "అంత నొప్పిలో కూడా ఆఫీసు పనేనా జ్యోతీ? నా పక్కనుండగానే చేశాడా?"

కాదు వదినా అన్నాను. ఏడో తరగతి చదివిన నా మాట ఆమెకు చాలలేదు.

చేసినవాళ్లు తొందరలో చేసి ఉంటారు. ఆయనకు బాగాలేదని తెలిసి ఉండదు. వదినకు ఒక్క ఫోన్ చేసి "నేనే చేశాను" అనండి. మీ పేరు నాకు చెప్పక్కర్లేదు.

ఆ ఫోన్ వచ్చిన రోజే ఈ పోస్ట్ తీసేస్తాను. చదివినవాళ్లు మీరూ దీన్ని ఎక్కడా దాచుకోకండి.

సెలవు అన్నయ్యా. నీకు శాంతి దొరకాలి. వదినకు కూడా.