టేపు మీద తుడిచిన గొంతు

నేను ఒక మనిషి గొంతు చెరిపేశాను. ఇన్నేళ్లుగా ఈ మాట నా లోపలే తిరుగుతోంది, బయటికి అనడం ఇదే మొదలు. అనగానే మీరు ఏదో ఘోరం ఊహించుకుని ఉంటారు. అది కాదు. ఆమె మీద నేను చెయ్యి ఎత్తలేదు. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. ఆమె బాగానే ఉంది, ఉద్యోగం చేసుకుంటోంది, నేను ఎదురైతే రెండు చేతులూ ఎత్తి నమస్తే పెడుతుంది. ఆ నమస్తేనే నన్ను తినేస్తోంది. తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణేమో. తిట్టుకునే వీలు కూడా ఆమెకు లేకుండా చేశాను, ఎందుకంటే నేనేం చేశానో ఆమెకు తెలియదు.

మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు కాబట్టి. అంతకుమించి ధైర్యమేమీ రాలేదు నాకు.

తొంభైల మొదట్లో సంగారెడ్డి వైపు ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో లెక్చరర్‌గా చేరాను. అప్పుడే మాకు ఒక కలర్ టీవీ, ఒక వీసీఆర్, భుజాన పెట్టుకుని తీసే వీడియో కెమెరా వచ్చాయి. శిక్షణలో ఉన్నవాళ్లు పాఠం చెబుతుంటే తియ్యాలి, తర్వాత వాళ్లకే చూపించి మంచీచెడూ మాట్లాడుకోవాలి. అదీ ఏర్పాటు. పెద్ద లెక్చరర్లెవరూ ఆ పెట్టెల జోలికి రాలేదు, పాడైతే ఎవరు జవాబు చెప్పాలని భయం. నేను హైదరాబాదు వెళ్లి నేర్చుకొచ్చాను. తాళంచెవి నా జేబులోకి వచ్చింది. ఆ పెట్టెలు పెట్టిన గదికి టీవీ రూము అని పేరు పడింది. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. దసరాకు వీసీఆర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. నవ్వకండి. ఫ్యాక్టరీలో బాయిలర్‌కు పెట్టినప్పుడు ఎవరూ నవ్వరు కదా. ఆ గదికి నేనే పూజారిని, నా మాటకు తిరుగు లేదు.

ఆమె అసలు పేరు రాయను. యాదమ్మ అనుకోండి. పాశమైలారం పక్క ఊరు. తల్లి కూలికి పోయేది. తండ్రి కూడా మొదట పొలాల్లో కూలీయే, తర్వాత ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు ఎత్తే పనికి కుదిరాడు. వాళ్ల వాడలో ఇంటర్ దాటిన మొదటి పిల్ల యాదమ్మ. క్లాసులో వెనక వరసలో కూర్చునేది. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. నేను పెద్దగా పట్టించుకోలేదు, అదీ నిజమే.

ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఒక ఊరి బడిలో శిక్షణలో ఉన్నవాళ్లు తలా ఒక పాఠం చెప్పాలి. నేను కెమెరాతో వెంట వెళ్లాను. ముందు చెప్పినవాళ్లందరూ గోడకు చార్టు తగిలించి, పిల్లల చేత చేతులు కట్టించి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పారు. యాదమ్మ వంతుకు నాలుగో తరగతి ‘నీరు’ పాఠం వచ్చింది. ఆమె చార్టు తేలేదు. రెండు గాజు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో ట్యాంకరు నీళ్లు, ఒకదాంట్లో ఆ ఊరి బోరు నీళ్లు. బల్ల మీద పెట్టి అడిగింది.

“సూడుండ్రి, నీళ్ళకు రంగుండదని పుస్తకంల రాసిండ్రు. మీరేమంటరు?”

ఒక పిల్ల లేచి, మా బోరు నీళ్లు పచ్చగుంటయి టీచర్ అంది. ఇంకొకడు, మా బర్రె మూతి పెట్టి ఎనకకు తిప్పుకుంటదన్నాడు. అందరూ గొల్లున నవ్వారు, యాదమ్మ కూడా నవ్వింది. గట్లయితే పుస్తకం తప్పా, మన బోరు తప్పా అని అడిగింది. ఇక చూడాలి ఆ తరగతిని. వాసన చూసేవాళ్లు, గ్లాసును వెలుగుకు పట్టి చూసేవాళ్లు, ఒకరి మీద ఒకరు పడి వాదించుకునేవాళ్లు. ఆమె ఎవరినీ ఆపలేదు. వింటూ వింటూ చివరికి, ఆ రంగు నీళ్లది కాదని, నీళ్లలో కలిసినదానిదని తనూ అని, వాళ్ల నోటితోనూ అనిపించింది. మరి ఏం కలిసింది, ఎవరు కలిపిండ్రు, ఇంటికి వోయి మీ అవ్వను, నాయినను అడుగుండ్రి అని ముగించింది.

పాఠం చెప్పడమంటే ఏమిటో నేను పుస్తకాల్లోంచి చెబుతుంటాను, అది మొదటిసారి కెమెరా వెనక నుంచి కళ్లారా చూశాను. టీవీ రూములో వేసుకుని మళ్లీ చూశాను. టేపు మీద మాట గంటలా పడింది. పిల్లల గుసగుసలు కూడా వినిపిస్తున్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి. మాట చక్కగా పడింది.

అదే నెలలో పైనుంచి కబురొచ్చింది. ప్రతి జిల్లా నుంచీ ఒక మంచి పాఠం టేపు పంపాలట, దానికి కాపీలు తీసి అన్ని శిక్షణ కళాశాలల్లో చూపిస్తారట. పంపదగింది యాదమ్మ పాఠమే, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ ఆ మాట. సూడుండ్రి. గట్లయితే. వోయి. హైదరాబాదులో పెద్ద హాల్లో నిపుణులు కూర్చుని ఉంటారు, ఆమె నోరు తెరవగానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, తర్వాత టేపు చివర పడే నా పేరు చూస్తారు.

ఎందుకంత భయం? నేనెక్కణ్ణుంచి ఊడిపడ్డానని? మాదీ పటాన్‌చెరు దగ్గరి పల్లే. మాకు పొలాలున్నాయి, వాళ్లకు లేవు, అంతే తేడా. మా ఇంట్లో మాట్లాడేదీ ఆ మాటే. నేను నగరంలో టీచరు ట్రైనింగ్ చదివినప్పుడు మొదటి రోజు లేచి, పటాన్‌చెరు కాడికెల్లి వచ్చిన అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, మళ్లీ ఒకసారి అనమన్నాడు. మళ్లీ అన్నాను, మళ్లీ నవ్వారు. ఆ తర్వాత హాస్టల్లో అద్దం ముందు నిలబడి నా నాలుకను మార్చుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్తే మా అవ్వ, ఏంది బిడ్డా రేడియో లెక్క మాట్లాడుతున్నవ్ అంది. నాకు గర్వమనిపించింది. చూడండి, నన్ను చూసి నవ్వినవాళ్ల మీద నాకు కోపం రాలేదు. ఆ కోపమంతా దాచిపెట్టి, ఎన్నో ఏళ్ల తర్వాత, నాలాగే మాట్లాడిన ఒక పిల్ల మీద తీర్చుకున్నానా? ఆమెను నవ్వులపాలు కాకుండా కాపాడుతున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అందంగానే చెప్పుకున్నాను. ఆ రంగు నీళ్ల గొడవ పైవాళ్లకు ఎందుకులే అని కూడా లోపల ఎక్కడో ఉంది.

ఆ వీసీఆర్‌లో ఒక బటన్ ఉండేది. బొమ్మ అలాగే ఉంటుంది, కింద మాట మాత్రం చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. నేను ఆ పాఠాన్ని మంచి పుస్తకపు తెలుగులో రాశాను. మా కళాశాలలోనే గొంతు బాగుండే ఒక మేడమ్‌ను పిలిచాను. మాట పాడైంది మేడమ్, మీరు చదివితే సరిపోతుందన్నాను. ఆవిడ నమ్మింది, ఎందుకు నమ్మదు? మైకు ముందు కూర్చుని శ్రద్ధగా చదివింది. నీటికి రంగు, రుచి, వాసన ఉండవు. ఈ మాట మధ్యలో కాగితం తిప్పాల్సి వచ్చి, రుచి దగ్గర ఒక్క క్షణం ఆగింది. పోనీలే అని అలాగే ఉంచేశాను. పిల్లల మాటలు కూడా పోయాయి. టేపులో వాళ్లు నోళ్లు తెరిచి నవ్వుతుంటారు, చేతులు ఊపుతుంటారు, చప్పుడుండదు.

ముందుగా ఒక కాపీ తీసి పెట్టుకోవచ్చు. దానికి రెండో వీసీఆర్ కావాలి. సంగారెడ్డి బజార్లో పెళ్లి వీడియోలు తీసే దుకాణంవాడు అడిగితే కాదనేవాడు కాదు. అడగలేదు. ఎందుకు అడగలేదని నన్ను నేను చాలాసార్లు నిలదీశాను. పాత మాట ఎక్కడైనా మిగిలి ఉంటే అది పాడైందన్న అబద్ధం నిలబడదు కదా. అంత తెలివి ఉంది నాకు.

పంపే ముందు కళాశాలలో అందరికీ వేశాం. యాదమ్మ వాళ్ల అమ్మను వెంట తెచ్చుకుంది. ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. టీవీలో బిడ్డ కనిపించగానే ఆ తల్లి మొహం విప్పారింది. తర్వాత మాట వచ్చింది. తల్లి టీవీని చూసింది, పక్కనున్న బిడ్డను చూసింది, మళ్లీ టీవీని చూసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. యాదమ్మ తల వంచుకుని కూర్చుంది. అయిపోయాక ప్రిన్సిపాల్ నా భుజం తట్టాడు.

అందరూ వెళ్లాక ఆమె టీవీ రూముకు వచ్చింది. చెప్పులు విడిచి గడప అవతలే నిలబడింది.

“సార్, నా గొంతు మిషన్ల పడలేదా?”

“పడలేదమ్మా. కొన్ని గొంతులు మిషన్లకు పట్టయి.”

“పిల్లలయి గుడ పడలేదా సార్?”

“అయి గుడ పడలే.”

ఆమె ఆ పెట్టె వంక చూసింది. “గట్లనా. నేర్చుకుంట సార్,” అంది. వెళ్లిపోయింది.

గమనించారా? కళాశాలలో అడుగుపెట్టింది మొదలు నేను ఆ మాట మాట్లాడలేదు. అబద్ధం ఆడేటప్పుడు మాత్రం మా ఇంటి మాట దానంతటదే నోట్లోకి వచ్చింది, ఆమెను నమ్మించడానికి. దీనికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

టేపుకు మంచి పేరొచ్చింది. నన్ను టీవీ సార్ అనడం మొదలుపెట్టారు, మిగతా జిల్లాలవాళ్లు కూడా పిలిపించుకున్నారు. యాదమ్మ చదువు ముగిసేదాకా మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చి, ఆ టేపు వెయ్యమని అడిగేది. కాదనడానికి నాకు నోరు రాలేదు. వేసి బయటికి వెళ్లి నిలబడేవాణ్ణి. తనను తాను చూసుకుని మురిసిపోతోందనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉండేది.

రెండువేలు దాటాక బడులకు కంప్యూటర్లు వచ్చాయి. వాటితో పాఠాలు ఎలా చెప్పాలో టీచర్లకు చూపించడానికి ఊరూరా తిరిగేవాణ్ణి. అలా ఇస్నాపూర్ వైపు ఒక బడికి వెళ్తే అక్కడ యాదమ్మ టీచరు. ఎంత సంబరపడిందో. సార్ మీరు కూర్చోండి, మీకోసం ఇవాళ నీరు పాఠం చెబుతానంది. తరగతిలో అంతా కిరాయి గదుల్లో ఉండే కార్మికుల పిల్లలు. చేతులు కట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. ఆమె నోరు తెరిచింది.

మేడమ్ గొంతు వచ్చింది. ఆ రాగం, ఆ ఒత్తు, ఆ శుభ్రత. నీటికి రంగు, రుచి, అని ఒక్క క్షణం ఆగింది. సరిగ్గా అక్కడే. కాగితం తిప్పిన చోట. తర్వాత, వాసన ఉండవు అంది. మధ్యాహ్నాలు ఆమె చూసింది తనను కాదు. ఆ గొంతుతో పెదవులు కలిపి నేర్చుకుంది.

వెనక నుంచి ఒక పిల్ల లేచింది. మా రూముల కాడ నీళ్ళు వాసనొస్తయి టీచర్ అంది. యాదమ్మ ఆ పిల్లను ప్రేమగానే చూసింది, ప్రేమగానే దిద్దింది. అలా అనకూడదమ్మా, మా గదుల దగ్గర అనాలి అంది. ఆ పిల్ల దాన్ని సరిగ్గా పలికి కూర్చుంది. నీళ్ల సంగతి అక్కడితో అయిపోయింది.

పాఠం అయ్యాక నా దగ్గరికి వచ్చి, కంప్యూటర్ మైకు వంక చూపించి, చిన్నగా నవ్వుతూ అడిగింది.

“ఇప్పుడైతే నా గొంతు పడుతుంది కదా సార్?”

పడుతుందన్నాను. ఏం చెప్పను? నీ గొంతుకు ఏనాడూ ఏ లోటూ లేదని, ఇంత కష్టపడి నేర్చుకున్నదంతా నా పిరికితనమని చెప్పనా? చెబితే ఆమె ఏమైపోతుందోనని ఊరుకున్నానని ఇంటికొచ్చాక అనుకున్నాను. మళ్లీ అందంగానే అనుకున్నాను. ఆమె కోసం కాదు. ఆమె కళ్లలో నేనెలా కనిపిస్తానో చూడలేక.

ఆ టేపు చూసి ఎంతమంది టీచర్లయ్యారో, వాళ్ల ముందు ఎంతమంది పిల్లలు లేచి, దిద్దించుకుని, కూర్చున్నారో నాకు తెలియదు. వాళ్లందరినీ ఎక్కడని వెతకను? నాకు తెలిసింది ఒక్కటే. ఆ అసలు పాఠాన్ని టీవీ రూములో తలుపు వేసుకుని చివరిసారి విన్నది నేనే. ఇప్పుడది ఇంకెక్కడా లేదు. ఆ తరగతి పిల్లలకు గుర్తుందో లేదో. అందుకే పైన ఆమె మాటలు వీలైనంతవరకు ఆమె అన్నట్టే రాశాను. ఒక్క మాట మాత్రం నా తెలుగులోకి మార్చేశాను, రాసేటప్పుడు గమనించనేలేదు. చెయ్యి అలవాటుపడిపోయింది. ఆమె అన్నది ఇది: గా రంగు నీళ్ళది గాదు బిడ్డా, నీళ్ళల్ల కలిసినదాని రంగు.

మిగిలిన మాట ఆమెతో అనాల్సింది. ఆమె ఎదుట అనలేదు, అంటానన్న నమ్మకం కూడా లేదు. మీ ఎదుట అంటున్నాను. ఆ రోజు అబద్ధం ఆడిన మాటలోనే అంటున్నాను.

యాదమ్మా, నీ గొంతు మిషన్ల మంచిగ పడ్డది. పిల్లలయి గుడ పడ్డయి. నేనే తుడిచిన.