హోవర్‌క్రాఫ్ట్‌కు వేళ్ళు తొడిగిన ఆంటీ

ఆంటీ పోయిందన్న కబురు ఆఫీసుకు వెళ్తుండగా, బుకిట్ పంజాంగ్ ఎల్‌ఆర్‌టీ రైల్లో తెలిసింది. ఫోన్ చేసింది ఆవిడ కూతురు. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి సరిగ్గా రాదు. "అక్కా, అమ్మ గాన్ ఆల్రెడీ. స్లీప్‌లోనే. నో పెయిన్ లా," అంది. నేను తర్వాతి స్టేషన్లో దిగి, కాసేపు బెంచీ మీద కూర్చుని, ఆఫీసుకు రానని మెసేజ్ పెట్టి హౌగాంగ్‌లో వాళ్ళింటికి వెళ్ళాను.

సింగపూర్‌లో వయసులో పెద్దదైన ఏ ఆడమనిషినైనా ఆంటీ అనే అంటారు. కూరగాయలమ్మే ఆవిడా ఆంటీయే, లిఫ్టులో పలకరించే ఆవిడా ఆంటీయే. నాకు మాత్రం పాతికేళ్ళుగా ఆ మాటకు ఒక్క మనిషే గుర్తొస్తుంది. ఆవిడ మిలిటరీ హోవర్‌క్రాఫ్ట్‌ల కింద పడుకుని పనిచేసిన మనిషి.

నేను వచ్చిన రోజులు అందరికీ గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడుతుంటే, ప్రోగ్రామింగ్ వచ్చిన ప్రతివాళ్ళనీ ఏదో ఒక దేశం పిలిచేది. నరసరావుపేట నుంచి నన్ను సింగపూర్ పిలిచింది. మా కంపెనీ నన్ను ఒక షిప్‌యార్డుకు పంపింది. అక్కడ సైన్యం వాడే హోవర్‌క్రాఫ్ట్‌లకు మరమ్మతులు చేస్తారు. ఆ మరమ్మతుల లెక్కంతా పుస్తకాల్లోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. సూర్యలంకలో రెండుసార్లు మోకాళ్ళ దాకా దిగడం తప్ప నాకు సముద్రంతో పరిచయం లేదు.

మొదటివారం ఒక మధ్యాహ్నం, యార్డు గోడ పక్కన నిలబడి అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. అన్నం సహించడం లేదని చెబుతున్నట్టున్నాను. జాకీల మీద ఎత్తి నిలిపిన పెద్ద యంత్రం కిందనుంచి ఒకావిడ పాకుతూ బయటికొచ్చింది. నీలం ఓవరాల్, చెవి వెనక సుద్దముక్క, మోచేతుల దాకా నల్లటి జిగురు. "ఏటమ్మా, తెలుగోలేనా? అన్నం సయించకపోతే నాతో సెప్పాలి గానీ, అక్కడెక్కడో ఉన్న మీ అమ్మతో సెప్తే ఆవిడేటి సేస్తాది?" అంది. మర్నాటి నుంచి ఆవిడ క్యారియర్‌లో నా వాటా కూడా వచ్చేది. చేపల పులుసులో చిటికెడు బెలాచాన్, అదే మలయ్‌వాళ్ళ రొయ్యల ముద్ద, వేసేది. మొదట్లో ఆ వాసనకు వెనక్కి జరిగేదాన్ని. ఇప్పుడు అది లేని పులుసు నాకు చప్పగా ఉంటుంది.

ఆవిడ తాత శ్రీకాకుళం పక్కనుంచి ఓడెక్కి వచ్చి, తెల్లవాళ్ళ నౌకాస్థావరంలో కూలిపని చేశాడట. ఆవిడ శ్రీకాకుళం ఎన్నడూ చూడలేదు. కానీ ఆ ఊరి తెలుగు ఆవిడ నోట్లో అలాగే ఉండిపోయింది. మధ్య మధ్య అరవ ముక్కలు, మలయ్ ముక్కలు. "మకాన్ అయిందా" అని అడిగితే అన్నం తిన్నావా అని. సరే అనడానికి "సరి", వీలవుతుందనడానికి "బొలే".

ఆవిడ పనేమిటో చెప్పాలి. హోవర్‌క్రాఫ్ట్ నీళ్ళ మీద తేలదు, గాలి మీద తేలుతుంది. పెద్ద ఫ్యాన్లు కిందికి గాలి కొడతాయి. ఆ గాలి పారిపోకుండా అంచు చుట్టూ రబ్బరు బట్ట వేలాడుతుంది. దాన్ని స్కర్ట్ అంటారు. ఆ స్కర్ట్ కింది అంచున, పక్కపక్కనే, వేళ్ళలాగా విడివిడి ముక్కలుంటాయి. అల మీదా ఇసుక మీదా రాసుకుని అరిగేవి అవే. సైనికుల్నీ జీపుల్నీ ఎక్కించుకుని సముద్రంలోంచి నేరుగా ఒడ్డుకెక్కి దింపడం ఆ బండి పని. కొన్ని వేళ్ళు చిరిగినా బండి ఆగదు. కానీ వేగంగా పోతున్నప్పుడు ముందువైపు రబ్బరు లోపలికి మడతపడిందంటే ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. లోపలున్నవాళ్ళు ఎగిరిపడతారు. అరిగిన వేళ్ళు గుర్తుపట్టి విప్పించడం, కొత్తవి తొడగడం, చిన్న చిరుగులకు మాసిక వేయడం, ఇవన్నీ ఆవిడ చేతుల మీదుగా జరిగేవి. యార్డంతా ఆవిడను స్కర్ట్ ఆంటీ అనేవాళ్ళు. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేది.

వేళ్ళను ఆవిడ "ఏళ్ళు" అనేది. "ముందర ఏళ్ళు బాగా సూసుకోవాలమ్మాయ్" అని మొదటిసారి చెప్పినప్పుడు, రాబోయే సంవత్సరాల గురించి, అంటే నా పెళ్ళి గురించి హితవు చెబుతోందనుకున్నాను. ఆవిడ నన్ను కిందికి లాక్కెళ్ళి చూపించాక గానీ అర్థం కాలేదు.

టార్చి ఉండేది గానీ దాన్ని ఎక్కువ వాడేది కాదు. కళ్ళు సగం మూసుకుని ఒక్కో వేలినీ బొటనవేలితో కింది నుంచి పైకి నొక్కుకుంటూ పోయేది. లోపల పొరలు విడిపోతే పైకి కనబడదని, నొక్కితే మెత్తగా జారుతుందని చెప్పేది. విడిపోయినదానికి సుద్దతో గీత. భోజనానికి ముందు చేతులకు కొబ్బరినూనె రాసి, జిగురు కరిగేదాకా ఓపిగ్గా రుద్దుకునేది. శిక్షణకు బండి బయల్దేరిన రోజు మాత్రం క్యారియర్ విప్పేది కాదు. అది తిరిగి వచ్చాకే తినేది. అంతకు ముందు ఒకటే ప్రశ్న అడిగేది, దాని మీద ఎంతమంది ఎక్కారని. ఆవిడ కొడుకు అప్పటికి, ఇక్కడి మగపిల్లలంతా చేయాల్సిన రెండేళ్ళ సైనిక సేవ ముగించుకుని వచ్చేశాడు. అయినా అడిగేది. "రబ్బరుదేటుంది, మల్లీ కుట్టుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళ పిల్లలమ్మా ఎక్కేది," అనేది.

నేను చేస్తున్న ప్రోగ్రామ్ ఎందుకో నాకు తెలుసు. ఏ వేలు ఎన్ని గంటలు పనిచేసిందో కంప్యూటరే లెక్కగట్టి, ఏది ఎప్పుడు మార్చాలో కాగితం అచ్చువేస్తే, చేత్తో చూసేవాళ్ళు అంతమంది అక్కర్లేదు. ఈ మాట ఆవిడకు చెప్పే ధైర్యం నాకు చాలారోజులు రాలేదు. ఆవిడకు మొదటిరోజు నుంచీ తెలుసని తర్వాత తెలిసింది. తెలిసే నాకు అన్నీ నేర్పింది. పాత పుస్తకాల్లో తన గీతలకూ సున్నాలకూ అర్థం చెప్పింది. ఇసుక మీద ఒక గంట నీటి మీద చాలా గంటలతో సమానమని, దాన్ని లెక్కలో వేరుగా రాసుకోమని చెప్పింది కూడా ఆవిడే.

కంప్యూటర్ కాగితం వాడకంలోకి వచ్చిన కొన్నాళ్ళకే ఆవిడ వారం రోజులు సెలవు పెట్టి, చెల్లెలి కూతురి పెళ్ళికి మలేషియాలోని జొహోర్ వెళ్ళింది. ఆ వారంలోనే పెద్ద శిక్షణ ఒకటి వచ్చింది. కాగితంలో ఏవి మార్చమని ఉందో అవి మార్చి, బండిని సిద్ధం చేసి పంపారు. ఆవిడ తిరిగి వచ్చింది సరిగ్గా శిక్షణ రోజు పొద్దున. బ్యాగ్ పక్కన పెట్టి, మాతోపాటు తీరానికి వచ్చింది. బండి ఇసుక మీద ఆగి ఉంది. సైనికులు నీడలో వరసగా కూర్చున్నారు. ఆవిడ అలవాటు ప్రకారం ముందువైపు వంగి, చెయ్యి పెట్టింది.

కుడి మూల నుంచి మొదలుపెట్టి, నాలుగు వేళ్ళు దాటకముందే ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చి మొదటిదాన్ని నొక్కింది. లేచి నా దగ్గరికొచ్చి కాగితం అడిగింది. కుడివైపువి కొత్తగా వేసినవని అందులో ఉంది. ఆవిడ కాగితం నాకు తిరిగిచ్చి, శిక్షణ చూసుకుంటున్న మేజర్ దగ్గరికి నడిచింది. "సర్, దిస్ వన్ కెనాట్ గో," అంది.

మేజర్ మర్యాదగానే విసుక్కున్నాడు. తన చేతిలో సంతకాలైన కాగితం ఉందని, సముద్రంలో ఓడ ఎదురుచూస్తోందని చెప్పాడు. ఆవిడ వాదించలేదు. ఆయన్ను ముందువైపుకు తీసుకెళ్ళి, ఒక వేలి అంచు రెండు చేతులా పట్టుకుని లాగింది. రబ్బరు ఒకవైపూ, లోపలి బట్ట ఒకవైపూ, రెండుగా విడిపోయి ఆవిడ చేతుల్లోకి వచ్చింది. పక్కది లాగినా అంతే. మేజర్ కాసేపు వాటిని చూసి, శిక్షణ మధ్యాహ్నానికి వాయిదా వేయమని రేడియోలో చెప్పాడు.

తప్పు ఎక్కడ జరిగిందో పది నిమిషాల్లో తేలింది. నాకిచ్చిన డ్రాయింగ్‌లో ఒకటో నంబరు కుడి మూల ఉంది. యార్డులో వాళ్ళు మొదటినుంచీ ఎడమ మూల నుంచి లెక్కపెడతారు. ఎడమవైపు వేసిన కొత్త వేళ్ళను నా ప్రోగ్రామ్ కుడివైపు వేసినట్టు రాసుకుంది. అందుకని బాగున్న ఎడమవైపువి విప్పి మళ్ళీ కొత్తవి వేశారు, అరిగిపోయిన కుడివైపువి అలాగే వదిలేశారు. విప్పుతున్నప్పుడు ఒకరిద్దరికి అనుమానం వచ్చిందట. కంప్యూటర్ చెప్పింది కదా అని ఊరుకున్నారట.

ఇది ఎవరు చేశారని మేజర్ అడిగాడు. మా మేనేజర్ నావైపు చూశాడు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే ఇంటికే. కానీ అప్పుడు నా కళ్ళ ముందున్నది అది కాదు. ఆ నీడలో కూర్చున్నవాళ్ళలో ఒకడు బూటు లేసు కట్టుకుంటున్నాడు, వాడినే చూస్తున్నాను.

ఆంటీ ముందుకొచ్చింది. తమ లెక్క ఎటునుంచి మొదలవుతుందో తాను ఈ అమ్మాయికి చెప్పలేదని, ఈ అమ్మాయి తనను అడగలేదని, కాబట్టి తప్పు ఇద్దరిదీ అని ఇంగ్లీషులో చెప్పింది. అబద్ధం కాదు, నన్ను పూర్తిగా కాపాడటమూ కాదు. ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కలు చేసి ఒకటి తాను తీసుకుంది. అక్కడితో ఆ మాట అయిపోయింది. నా ఉద్యోగం మిగిలింది.

నేను మేం వచ్చిన లారీ వెనక్కి వెళ్ళి ఏడుస్తుంటే ఆవిడ వచ్చింది. ఊరుకోబెట్టలేదు. చెవి వెనక సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టింది. "ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, రా. ఎడంపక్కనించి నువ్వే లెక్కెట్టు. నాను ఎనక వస్తాను," అంది. డెబ్భైకి పైగా వేళ్ళు, ఒక్కోటీ నా బొటనవేలితో నొక్కించింది. తొమ్మిది చోట్ల గీత పెట్టాను. రెండింటిని నేను వదిలేస్తే ఆవిడ పట్టుకుంది. గీత పెట్టినవన్నీ మధ్యాహ్నంలోపే విప్పి కొత్తవి తొడిగారు.

ప్రోగ్రామ్ సరిచేశాను. కాగితం మీద అడుగున, బండి కదిలే ముందు చేత్తో చూసినవాళ్ళ సంతకానికి ఒక గడి పెట్టాను. ఆ గడి ఉండాలని మా మేనేజర్‌తో పోట్లాడాను. అయినా ఏడాది తిరిగేసరికి చేత్తో చూసేవాళ్ళను నలుగురి నుంచి ఒక్కరికి తగ్గించారు. ఆ ఒక్కరుగా వయసులో చిన్నవాణ్ణి ఉంచుకుని, ఆవిడను సామాన్ల గదికి మార్చారు. ఆ రోజు క్షమించమని అడగడానికి వెళ్ళాను. ఆవిడ అరల్లో బోల్టుల డబ్బాలు సర్దుతోంది. "నా సేతులకి తెలిసింది నీ పెట్టెలో ఎట్టావు. నాను లేకపోయినా అది ఉంటాది గదా. దానికి నువ్వు బాధపడ్డం దేనికి?" అంది. తర్వాత నాకు వీపు తిప్పి, కింద పడుకుని చూసే పని మాత్రం గుర్తొస్తుందని నెమ్మదిగా చెప్పింది.

తర్వాత ఇన్నేళ్ళూ దీపావళికి హౌగాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్ళేదాన్ని. నా పెళ్ళిలో అమ్మ పక్కన నిలబడింది ఆవిడే. నా కూతురు ఇంగ్లీషులో అడిగినదానికి ఆవిడ శ్రీకాకుళం తెలుగులో జవాబిచ్చేది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మోకాళ్ళు పనిచేయడం మానేశాక కిటికీ దగ్గర కుర్చీలోనే ఉండేది. నేను వెళ్ళగానే, ఇంకా ఎడమ నుంచే లెక్కపెడుతున్నారా అని అడిగేది. నేను ఆ యార్డు వదిలేసి ఎన్నో ఏళ్ళయిందని ఆవిడకు తెలుసు. అయినా అవునని చెప్పేదాన్ని. చివరిసారి, మూడు నెలల కిందట, ఆ మాట అడగలేదు. నా చెయ్యి తీసుకుని, సన్నబడ్డానని, వండుకుని తినమని మాత్రం చెప్పింది.

ఆ శిక్షణ రోజు జరిగిన మరో సంగతి ఉంది. మధ్యాహ్నం అంతా సవ్యంగా ముగిసింది. బండి మూడుసార్లు సముద్రంలోంచి వచ్చి సైనికుల్ని ఇసుక మీద దింపింది. పొద్దు వాలుతుండగా మేజర్ ఆంటీ దగ్గరికొచ్చి, ఎప్పుడైనా దీన్ని ఎక్కారా అని అడిగాడు. పదిహేనేళ్ళుగా దాని కింద పడుకున్న మనిషి ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎవరూ రమ్మనలేదు, ఆవిడ అడగలేదు. ఆయన తన పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు.

చప్పుడుకి చెవులు మూసుకుని ఒడ్డున నిలబడ్డాను. నీటి తుంపర గోడలా లేచింది, అందులో ఏమీ కనబడలేదు. దూరంగా ఒక చుట్టు తిరిగి, తిన్నగా మా మీదికే వచ్చి, అల దాటి ఇసుకెక్కింది. ఫ్యాన్లు తగ్గాయి. స్కర్ట్ పెద్ద నిట్టూర్పులా గాలి వదిలి కిందికి దిగింది. ముందు తలుపు వాలింది. ఆంటీ దిగింది. ముడి ఊడిపోయి జుట్టంతా భుజాల మీద ఉంది. ముఖమంతా ఉప్పునీళ్ళు. ఆ ఒక్కసారి మాత్రం వంగి కిందికి చూడలేదు. చప్పుడు పడకుండా చెవుల మీద పెట్టిన పెద్ద డిప్పలు తీయడం మరిచిపోయి, మేం పిలుస్తున్నది వినిపించక, తనలో తానే నవ్వుకుంటూ తడి ఇసుకలో మావైపు నడిచి వస్తోంది.