తెర కట్టిన జట్కా

జట్కా వచ్చింది, తెర తీశారు, లోపల మనిషి లేదు. ఈ కబురు మా గుమ్మంలోకి వచ్చేసరికి నేను ఉలవలు చెరుగుతున్నాను. చేట జారి ఉలవలన్నీ నేలపాలయ్యాయి. ఆ జట్కా మా ఆయనది మరి!

మా ఆయన అప్పలసూరి ఆమదాలవలస స్టేషనుకీ శ్రీకాకుళానికీ మధ్య జట్కా తోలేవాడు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది నాటికే రైలు దిగినవాళ్లలో సగం మంది బస్సులెక్కేస్తున్నారు. మాకు మిగిలినవి తెర బేరాలే. కొన్ని పెద్దిళ్ల ఆడవాళ్లు బస్సులో పదిమంది మధ్య కూర్చోరు కదా, జట్కాకి తెర కట్టించుకుని వెళ్తారు. ఆ ఇళ్లవాళ్లంతా మా ఆయన్నే పిలిచేవారు. తెరవైపు తల తిప్పడని పేరు. ఆ పేరే మాకు తిండి పెట్టింది.

ఆ రోజు జవుళి కొట్టు రంగనాథం గారి కోడలు భాగ్యవతి పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్లన్న ఆమెను రైలు దించి, జట్కా ఎక్కించి, అటునుంచటే వెనక్కి వెళ్లిపోయాడు. తోలేది మా ఆయన కదా, ఏం భయం? తీరా బజారులో అత్తవారి గుమ్మం ముందు జట్కా ఆగాక, అత్తగారు సుభద్రమ్మ తెర తీసి చూస్తే ట్రంకుపెట్టె ఉంది, పిల్ల లేదు.

ఇంకేముంది! కొట్టులో పనివాళ్లు మా ఆయన్ని కిందికి లాగి చావబాదారు. నాగావళి ఒడ్డు పొడుగునా మనుషుల్ని పంపి వెతికించారు. ఏమడిగినా తనకు తెలియదనే అన్నాడట. నేను ఏడుస్తూ వెళ్లి ఇంటికి తీసుకొచ్చుకున్నాను. దారంతా జనం మమ్మల్ని చూసి గుసగుసలు. ఇకమీదట ఎవరింటి ఆడవాళ్లూ ఆ బండి ఎక్కరని నాకు అప్పుడే అర్థమైంది.

వీపుకి కాపడం పెడుతుంటే నాకు అనుమానం పుట్టింది. జట్కావాడి పెళ్లాన్ని, నాకామాత్రం తెలియదా? రెండు చక్రాల బండి అది. వెనక కూర్చున్న మనిషి దిగిందంటే బండి ముందుకు మొగ్గుతుంది. బరువంతా గుర్రం మీద పడుతుంది. తోలేవాడు కళ్లు మూసుకున్నా తెలిసిపోతుంది.

"నిజం సెప్పు. ఆ పిల్ల దిగినప్పుడు నీకు తెల్లేదా?" అన్నాను.

"తెలిసినాది."

తిన్నగా బజారుకి రావలసినవాడు చుట్టు తిరిగి బస్టాండు వైపు తోలాడట. అక్కడ ఒరిస్సా వైపు పోయే పర్లాకిమిడి బస్సు కదలడానికి సిద్ధంగా ఉందట. గుర్రం పట్టీ బిగిస్తున్నట్టు బండి ఆపి దిగి, తెర వెనక వినబడేలా ఆ బస్సు పేరు ఒక్కటే చెప్పాడట. బండి మొగ్గాక ఎక్కి తోలుకుంటూ వచ్చేశాడు. ఆ పిల్ల బస్సెక్కిందో లేదో కూడా చూడలేదు మహానుభావుడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. కడుపున పుట్టిన పిల్లలు గుర్తుకు రాలేదా అన్నాను. కాపడం గుడ్డ అక్కడే గిరాటేశాను.

"ఆ పిల్ల నీకేటవుద్దని ఈ పని సేసినావు?"

"ఏటీ అవదు," అన్నాడు. "కిందటిసారి ఇల్లొచ్చినాది, దిగమ్మా అంటే దిగనేదు. బండి సట్రం గట్టిగా పట్టీసుకున్నాది. మోసేతి దాకా వాతలే. అత్తగారు గుమ్మంలో నిలబడి, సూస్తావేట్రా, దింపు అన్నాది. ఆ సేతి ఏళ్లు ఒక్కోటీ నానే ఇడదీసినాను తాయారూ."