వారసత్వపు సీవీ, మీసాల లాయరు

మేము జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో చదువుకునే రోజుల్లో సీవీ అనేది ఎవరూ కూర్చుని రాసుకునేవారు కాదు. అది పైనుంచి వచ్చేది. ఉద్యోగం దొరికిన సీనియర్ ఊరు మారుతూ జూనియర్‌కి కుక్కరు, చలికోటు, వాటితోపాటు సీవీ ఇచ్చి వెళ్ళేవాడు. మనం పేరు, ఫోటో, చదువు మార్చుకుంటే చాలు. మిగతాది ముట్టుకోకూడదు, ఎందుకంటే దానితోనే ఆయనకి ఉద్యోగం వచ్చింది, అందులో ఏ వాక్యం మహిమో ఎవరికి తెలుసు? బ్లూ కార్డు (అక్కడ ఉద్యోగం చేసుకుంటూ ఉండనిచ్చే పర్మిట్టు) ఆశతో మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న కాలం. నా సీవీ నాకు రూమ్మేట్ భాయ్ ఇచ్చాడు (పాతబస్తీ మనిషి, ట్రైను తలుపులు మూసుకుపోతున్నా అడుగు తొందరగా వెయ్యడు). భాయ్‌కి గుంటూరు అక్క ఇచ్చింది. అక్కకి మ్యూనిక్ అన్న. ఆ పైన ఇంకెవరున్నారో మేమెవ్వరం అడగలేదు.

హైదరాబాద్‌లో లా చదివి, ఇక్కడ మాస్టర్స్ పూర్తిచేసిన నన్ను ఆ ఊళ్ళోనే ఒక చిన్న లాయరాఫీసు, ఇండియా కంపెనీల కాంట్రాక్టులు చదవడానికి తీసుకుంది. ఆరు నెలలు ప్రొబెత్సైట్, అంటే వాళ్ళకి నచ్చకపోతే పెద్దగా సంజాయిషీ లేకుండా పంపించేసే గడువు. అది గట్టెక్కితేనే నా బ్లూ కార్డు నిలుస్తుంది, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. బాసుని అందరూ డాక్టర్ గారు అనేవారు (సూదులు వెయ్యడు, లాలో డాక్టరేటు). ఆయన కుర్చీ వెనక గోడ మీద గుబురు మీసాల పెద్దమనిషి ఫోటో ఉండేది. ఐదో నెలలో ఒకరోజు మర్యాదకి, "మీ తాతగారా?" అని అడిగాను. నోరు మూసుకుని ఉండాల్సింది.

"మా స్పోర్ట్స్ క్లబ్బు పెట్టినాయన," అన్నాడు డాక్టర్ గారు, కళ్ళజోడు తీసి. "మనలాగే లాయరు. పొద్దున కోర్టు, సాయంత్రం మైదానం. టెన్నిస్, ఫుట్‌బాల్, హైజంప్, షాట్‌పుట్, పడవ పందెం, అన్నింట్లోనూ మేటి. ఒక్క పందానికీ పైసా పుచ్చుకోలేదు, అంతా ఇష్టం కొద్దీ ఆడటమే. ఇలాంటి లాయరు మళ్ళీ పుట్టడనుకున్నాను, మీ సీవీ చూసేదాకా."

నా సీవీని నేను చివరిదాకా చదివింది ఆ మధ్యాహ్నమే. అట్టడుగున 'అభిరుచులు' అని ఉంది. టెన్నిస్, హైజంప్, షాట్‌పుట్, రోయింగ్. నేను పుట్టి బుద్ధెరిగాక ఆడిన ఆట అష్టాచెమ్మా ఒక్కటే, అదీ అమ్మమ్మ చేతిలో ఓడిపోవడానికే. ఈలోగా డాక్టర్ గారు తలుపు సందులోంచి తల పెట్టి, "వచ్చే నెల క్లబ్బు పండగ. మీ పేరు మూడు పోటీల్లో రాయించేశాను," అన్నాడు. పండగ శనివారం. నా ప్రొబెత్సైట్ సంగతి తేలేది ఆ సోమవారం. లాయరాఫీసులో, లాయరుకే అబద్ధపు కాగితం ఇచ్చానని ఒప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంటికెళ్ళి భాయ్‌ని నిలదీశాను. "అరె మియా, నాకేం ఎరుక? నేను టెన్నిస్ ఒక్కటే కలిపిన. అది గూడ టీవీల చూస్త అని," అన్నాడు. గుంటూరు అక్కకి ఫోన్ చేశాను. "హైజంప్ నాదేరా. హాస్టల్ గోడ దూకేవాళ్ళం కదా, ఆ లెక్కన పెట్టా. మిగతావి నాకు తెలీదమ్మా," అంది. మ్యూనిక్ అన్నేమో, "రోయింగా? హుస్సేన్‌సాగర్ల పెడల్ బోటు తొక్కిన తమ్మీ," అన్నాడు. షాట్‌పుట్ ఎవరిదో మాత్రం ఆ వంశంలో ఎవ్వరూ ఒప్పుకోలేదు.

భాయ్ నాకు కోచ్ అయ్యాడు. పార్కులో ఐదు కిలోల గోధుమపిండి సంచి విసిరి సాధన చేశాను. రెండో రోజే సంచి పగిలి, కుక్కతో నడుస్తున్న ఒక పెద్దావిడా, కుక్కా, నేనూ ఒకే రంగుకి వచ్చాం. అంతటితో సాధన ముగిసింది.

పండగ రోజు రానే వచ్చింది. హైజంప్‌లో బ్రహ్మాండంగా పరుగెత్తాను గానీ, కర్ర దగ్గరికి వచ్చేసరికి ప్రాణం తీపి గుర్తొచ్చి దాని కిందనుంచి దూరి అటు తేలాను. జనం ఇండియాలో ఇలాగే కాబోలు అనుకుని చప్పట్లు కొట్టారు. షాట్‌పుట్ గుండు నా బూటు పక్కనే పడింది. టేపు పట్టుకొచ్చినాయన వంగబోయి, నా ముఖం చూసి, టేపు జేబులో పెట్టేసుకున్నాడు. ఇక పడవ. రోయింగ్‌లో వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చోవాలట. ఎటు పోతున్నామో చూడకుండా ఎవడైనా పోతాడా? నేను బుద్ధిగా ముందుకి తిరిగి కూర్చున్నాను. పడవ మైన్ నది మధ్యలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. జీవితంలో పరుగెత్తని భాయ్ గట్టు వెంట పరుగెడుతూ, "సీదా మియా, సీదా!" అని అరుస్తున్నాడు. ఆయనకి చెయ్యి ఊపబోయి నీళ్ళలో పడ్డాను.

నన్ను బయటికి లాగి దుప్పటి కప్పారు. డాక్టర్ గారు ఎదురుగా నిలబడ్డాడు. ఏడుపు తన్నుకొస్తుంటే, "ఆ అభిరుచులు నావి కావండీ, వారసత్వంగా వచ్చాయి," అని మూడు తరాల చరిత్రా చెప్పేశాను. ఆయన నన్ను క్లబ్బు గదిలోకి తీసుకెళ్ళి, బీరువాలోంచి పాత వార్షికోత్సవ పుస్తకాలు తీసి నా ముందు పరిచాడు. అన్నిటికన్నా పాతదాంట్లో మీసాలాయన ఆడింది టెన్నిస్ ఒక్కటే. తర్వాతదాంట్లో ఫుట్‌బాల్ చేరింది. ఆ తర్వాత హైజంప్. ఆపైన షాట్‌పుట్. ఒక్కో కార్యదర్శి ఒక్కో ఆట కలుపుకుంటూ వచ్చాడు.

"మరి పడవ పందెం?" అన్నాను.

డాక్టర్ గారు కిటికీలోంచి బయటికి చూశాడు. "చివరి పుస్తకం వేసిన ఏడాదే పడవల షెడ్డు కట్టాం. ఆయన పడవ ఎక్కలేదంటే ఏం బాగుంటుంది?"

"అంటే, అది కలిపింది మీరేనా?"

"ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండే హక్కు నాకుంది," అన్నాడు ఆ లాయరు, చెవులదాకా ఎర్రబడి.

సోమవారం నా ఉద్యోగం ఖాయమైంది. ఒకటే షరతు. "ఈ ఆఫీసులో అబద్ధం ఉండకూడదు. అభిరుచులు చెరపనక్కర్లేదు, నిజం చేయండి. ప్రతి గురువారం సాయంత్రం ఆరుకి మైదానంలో టెర్మిన్," అన్నాడు (టెర్మిన్ అంటే ముందే ఖాయం చేసిన అపాయింట్‌మెంటు, తప్పడానికి లేదు).

ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో సీవీలు చదివే కుర్చీలో నేనున్నాను. నా సీవీ కూడా అప్పట్లోనే ఒక జూనియర్‌కి ఇచ్చేశాను (చెరపలేదు, దానితోనే కదా నాకు ఉద్యోగం వచ్చింది). మొన్న ఖమ్మం అమ్మాయి ఒకామె ఇంటర్వ్యూకి వచ్చింది. కాగితం అట్టడుగున పాత నాలుగు ఆటలూ క్షేమంగా ఉన్నాయి, కొత్తగా గుర్రపుస్వారీ చేరింది. "గుర్రం ఎక్కడెక్కావమ్మా?" అని అడిగాను. "ఊటీలో సార్, ఫోటో కూడా ఉంది," అంది భయంభయంగా. నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగి, "గురువారాలు ఖాళీయేనా?" అన్నాను.

నా జుట్టు పల్చబడింది, గుండు మాత్రం ఇప్పుడు బూటుకి గౌరవప్రదమైన దూరంలో పడుతోంది. ఒక్కోసారి పడవలో వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుని తెడ్డు వేస్తుంటే, తడిసిన మేజోళ్ళతో, దుప్పటి కప్పుకుని వణుకుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ముద్దొస్తాడు కూడా. ఉద్యోగం గురించి బెంగ వద్దురా, ముందు పడవలో వెనక్కి తిరిగి కూర్చో, అని చెప్పాలనిపిస్తుంది.