మూడు రకాలకూ చెందని వాన

ఇరవై తొమ్మిదేళ్లుగా పెద్దాయనే పెరట్లో వాన కొలిచి పైఆఫీసుకి రాసి పంపుతున్నాడు. ఒంట్లో జ్వరమున్నా, ఇంట్లో పెళ్లున్నా, ఉదయం ఎనిమిదిన్నర దాటనివ్వలేదు. వానమాపకం గరాటా కింద చేరిన నీళ్లని కొలతల గ్లాసులోకి వంచి, కన్ను నీటిమట్టానికి సరిపోయేదాకా నడుం వంచుతాడు. వానలు మూడే రకాలంటాడు: పగలంతా నేల కాగి సాయంత్రం కురిసేది, మబ్బు కొండెక్కుతూ చల్లబడి కురిసేది, వాయుగుండం మోసుకొచ్చేది. కొండ దాటేసరికి మబ్బు సగం ఖాళీ అవుతుంది గనక ఇవతలి ఊరికి ఎప్పుడూ తక్కువే. అయినా నిరుడు, కొండ అవతల కొలిచే బావని మించిపోయాడు. "నీ గరాటాకి చిల్లుందేమో చూసుకో బావా" అని ఏడాదంతా ఫోన్లో ఏడిపించాడు.

ఇవాళ చూస్తే, మూడు రోజులుగా మబ్బు తునకైనా లేదు గానీ గ్లాసులో నాలుగు మిల్లీమీటర్లు. అది ఏ రకం వానో తేల్చుకోలేక నిలబడి ఉండగా బట్టతల మీద టప్పున చుక్క పడింది. తలెత్తితే మేడ పిట్టగోడ మీద దుప్పట్లు నీళ్లోడుతున్నాయి.

"ఇక్కడెప్పట్నుంచి ఆరేస్తున్నావమ్మా?" అన్నాడు కోడలితో.

"నిరుడు దండెం తెగినప్పట్నుంచీ మావయ్యా. ఏం?"

మెట్టు మీద కూర్చున్నాడు. వాన లెక్కల పుస్తకం తెరిచి, దండెం తెగినప్పట్నుంచీ రాసిన పేజీలన్నీ అడ్డంగా కొట్టేసి, ఫోను తీశాడు.

"నీ గరాటాకి చిల్లు లేదు బావా. నా గరాటా మీద దుప్పట్లున్నాయి."

అవతల్నుంచి బావ అన్నాడు: "ఇన్నాళ్లకి నువ్వు తప్పొప్పుకున్నావు. తేదీ వేసి రాసుకో బావా."

రాసుకున్నాడు, వేళతో సహా.